ఆఖరి మనిషి వెనక

ఆస్పత్రి డయాలిసిస్ వార్డు కోసం ఏటా జరిగే ఆ కొండ నడకలో అందరికంటే వెనక వచ్చే వాలంటీరుని తోక అంటారు. ముందురోజు ఒక బృందం దారి పొడవునా పసుపు రంగు రేకు బాణాలు పాతి వస్తుంది. మర్నాడు నడిచేవాళ్ళలో ఆఖరి మనిషి దాటాక తోక ఆ బాణాలు ఒక్కొక్కటే పీకి, గోనెసంచిలో వేసుకుని, భుజాన మోసుకొస్తుంది. వదిలేస్తే గాలికి అవి తలో దిక్కు తిరుగుతాయి. తరవాత కొండెక్కినవాళ్ళు దారి తప్పుతారు, అటవీ శాఖవాళ్ళు మళ్ళీ ఏడు అనుమతి ఇవ్వరు. కాబట్టి పీకాల్సిందే. అయితే వెనక ఒక్క మనిషి మిగిలి ఉండగా పీకితే ఆ మనిషికి కొండ మీద దారి లేనట్టే.

కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే ఆమె కొన్నేళ్ళుగా ఆ నడకకి తోక. దుకాణంలో కూడా ఆ పేరు పాకింది. "తోకమ్మా, ఆ ముసలాయన అద్దాలు అయ్యాయా?" అని యజమాని అందరి ముందూ అడిగేవాడు. ఆమె పట్టించుకోలేదు. మొదట్లో జెండా ఊపడానికీ, చివర్లో మెడలో పతకాలు వేయడానికీ జనం పోటీపడతారు. తోక పనికి పోటీ ఉండదు, అడిగినవాళ్ళకి ఇచ్చేస్తారు.

ఆమెకి ఒక పద్ధతి ఉంది. దారి పక్కన మనిషి కూర్చోదగ్గ చోటు ఏది కనబడినా ఆగుతుంది. తొంగి చూస్తుంది. "ఎవరైనా ఉన్నారా? నేను తోకని, నా తరవాత ఎవరూ రారు!" అని కేక వేస్తుంది. ఒకసారి ఆ కేకకి బండరాయి వెనక నుంచి ఎవరో పెద్దమనిషి, "ఒక్క నిమిషమమ్మా, నీకు పుణ్యముంటుంది, ఇటు మాత్రం రాకు," అని బతిమాలుకున్నాడు. ఆ సంగతి చెప్పుకుని వాలంటీర్లు ఏడాది పొడుగునా నవ్వారు. ఆమె మాత్రం కేక మానలేదు.

ఈ ఏడు రెండు కొత్త సంగతులు వచ్చాయి. ఒకటి బిళ్ళలు. నడిచే ప్రతి మనిషికీ ఒక ప్లాస్టిక్ బిళ్ళ ఇచ్చారు. కొండ పైన పెట్టిన గేటు దాటగానే యంత్రం ఆ బిళ్ళని చదువుతుంది, కింద కంట్రోలు గదిలో తెర మీద ఆ నంబరు పచ్చగా మారుతుంది. రెండో సంగతి, ఆమె బావ నడకలో చేరడం.

బావ డ్రైవింగ్ స్కూలు మాస్టారు. జీవితమంతా పక్క సీట్లో కూర్చుని ఇంకొకరి కాళ్ళ మీద కన్నేసి ఉంచినవాడు. ఇంట్లో టీవీలో కారు మలుపు తిరిగినా ఆయన కాలు అక్కడ లేని బ్రేకుని తొక్కేది. ఆయనకి చక్కెర జబ్బు. పూటపూటా ఇన్సులిన్ పడాలి, సూది అక్కే వేస్తుంది. ఇన్సులిన్ వేసుకున్నాక ఒంటికి శ్రమ ఎక్కువై తిండి తక్కువైతే రక్తంలో చక్కెర పడిపోతుంది. అప్పుడు ఆయన ఆయన కాదు. చెమటలు పోస్తాయి, పొంతన లేకుండా మాట్లాడతాడు, తీపి ఏదైనా నోట్లో పెట్టబోతే విదిలించి కొడతాడు. ఇంకా ఆలస్యమైతే స్పృహ పోతుంది. ఇంట్లో ఒకసారి అలా జరిగింది. అప్పటి నుంచీ అక్క ఆయన్ని కంటికి రెప్పలా కాస్తోంది.

అలాంటి మనిషి కొండెక్కుతానని పట్టుబట్టడానికి కారణం ఉంది. వాళ్ళమ్మ చివరి రోజుల్లో ఆ వార్డు బయట నడవాలో గోడకి ఆనుకుని, లోపల డయాలిసిస్ కుర్చీ ఖాళీ అయ్యేదాకా కూర్చునేది. ఈ ఏడు ఒక కంపెనీ కొత్త మాట ఇచ్చింది. ఏ జట్టులో అందరి బిళ్ళలూ గేటు దాటుతాయో ఆ జట్టు తరఫున వార్డుకి ఒక కుర్చీ, దాని యంత్రం. ఒక్క బిళ్ళ దాటకపోయినా లేదు. బావా, ఆయన స్నేహితుడు పోస్ట్‌మానూ కలిసి ఒక జట్టు కట్టారు.

పొద్దున బయల్దేరేచోట అక్క చెల్లెలి చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

"ఏమే, ఈయన్ని నీ చేతుల్లో పెడుతున్నా."

"నా ముందే నడుస్తాడు కదక్కా. నన్ను దాటి వెనక్కి పోవడానికి ఎవరికీ వీల్లేదు. తోకంటే అదే."

"మాటలు కాదు. చూసుకో."

"మరదలా," అన్నాడు బావ బూటు తాళ్ళు బిగించుకుంటూ, "వెనక నుంచి హారన్ మాత్రం కొట్టకు. నాకు సేఫ్ డిస్టెన్స్ కావాలి."

"నువ్వు కదిలితే కదా బావా, హారన్ కొట్టకుండా ఉండటానికి."

"చూశావా, మీ చెల్లెలికి ఎల్ బోర్డు కూడా తియ్యలేదు, నాకు పాఠం చెబుతోంది."

"మీ పరాచికాలు తరవాత," అంది అక్క. ఆయన నడుముకి ఒక చిన్న సంచి కట్టింది. అందులో గ్లూకోజు పొట్లాలు, బిస్కెట్లు, ఫోను. పడిపోకుండా బిళ్ళని కూడా ఆ సంచి పట్టీకే ముడి మీద ముడి వేసి బిగించింది. అక్క పని కోర్టు రికార్డు గదిలో కాగితాల కట్టలు కట్టడం. ఆమె వేసిన ముడి విప్పాలంటే కత్తెర కావాలి.

కొండ మొదట్లో బావ కనబడుతూనే ఉన్నాడు. పోస్ట్‌మాన్ నడిచి నడిచి కాళ్ళు అరిగినవాడు, మెట్టుమెట్టుకీ ఆగి ఆయన కోసం చూస్తున్నాడు. ఆ తరవాత ఒక ట్యూషన్ టీచరు కాలికి బొబ్బలెక్కి దారిలో కూలబడింది. తోక ఆగి ఆమె కాలికి పట్టీ వేసి, మేజోడు తిరగేసి తొడిగి, లేపి నడిపించింది. ఈలోగా ముందున్నవాళ్ళు మలుపు తిరిగి కనుమరుగయ్యారు. టీచరు నాలుగు అడుగులకొకసారి ఆగి, "అసలు నన్నెవరు రమ్మన్నారండీ?" అని అడుగుతోంది. తోక వెనకాల బాణాలు పీకుతూ, "మీరే వచ్చారండీ, నడవండి," అంటోంది.

సగం కొండ ఎక్కాక దారి పక్కన ఒక పాత పంపుహౌసు వస్తుంది. రాతి గోడలు, రేకు తలుపు. అక్కడికి చేరేసరికి ఆకాశం నల్లబడి, మబ్బు కొండ మీదికి దిగుతోంది. చేతిలోని వాకీటాకీ గరగరలాడింది. కంట్రోలు గదిలో కూర్చునేది పెళ్ళిళ్ళకీ సభలకీ మైకు సెట్లు అద్దెకిచ్చే మనిషి. అందరూ ఆయన్ని మైకన్నయ్య అంటారు.

"అమ్మా తోకా, ఒక్క బిళ్ళ తప్ప అన్నీ గేటు దాటేశాయి. ఆ ఒక్కటీ ఎవరిదంటావ్?"

"టీచరుగారిది. నా ముందే ఉన్నారు అన్నయ్యా."

"అయితే ఇంకెవరూ లేరు. వాన మీద పడేలా ఉంది. త్వరగా పీక్కుంటూ వచ్చెయ్యి."

"మా బావ దాటాడా?"

"దాటాడమ్మా. పోస్ట్‌మాన్ వెనకాలే, ఆయన్ని ఒరుసుకుంటూ దాటాడు. పచ్చగా ఉంది ఇక్కడ."

ఆమె గుండె బరువు దిగింది. బావ అంత చురుగ్గా ఎక్కాడా అని ముచ్చట కూడా వేసింది. పంపుహౌసు రేకు తలుపు ఓరగా తీసి ఉంది. అటువైపు ఒక అడుగు వేసింది. ఇంతలో పైన టీచరు కాలు జారి, "అమ్మో!" అని కేక పెట్టింది. ఆమె వెనక్కి తిరిగి టీచరు దగ్గరికి పరుగెత్తింది. అందరూ దాటేశారని తెర చెప్పింది. ఆమె ఆ రోజు పంపుహౌసులోకి చూడలేదు, కేక వేయలేదు.

పంపుహౌసు దాటాక దారి రెండుగా చీలుతుంది. ఇరుకు దారి ఎక్కి గేటుకి పోతుంది. వెడల్పు దారి వంపు తిరిగి, దిగి, మూతబడిన రాతి గనికి పోతుంది. అక్కడ పాతిన బాణాన్నీ, గని వైపు అడ్డంగా పెట్టిన ఇంటూ గుర్తు బోర్డునీ ఆమె పీకి సంచిలో వేసుకుంది.

నడిచినవాళ్ళని అప్పటికే బండ్లలో కిందికి దించేశారు, పైన గేటు దగ్గర ఒక్క బండే మిగిలి ఉంది. యంత్రం, దాని బ్యాటరీలు, గేటు మనుషులు, టీచరు, అందరూ అందులో కిక్కిరిసిపోయారు. రెండో విడతకి ఆమెని రమ్మన్నారు. మిగిలిన అట్టపెట్టెల మీద టార్పాలిన్ కప్పి బండి వెళ్ళిపోయింది. వాన మొదలైంది. ఆమె టార్పాలిన్ అంచు నెత్తి మీదికి లాక్కుని నిలబడింది. కాసేపయ్యాక వాకీటాకీ మోగింది.

"తోకా." మైకన్నయ్య గొంతులో ఇందాకటి హుషారు లేదు. "మీ బావ నీతో ఉన్నాడు కదూ?"

"నాతో ఎందుకుంటాడు? దాటాడన్నావుగా."

అటువైపు ఎవరో ఏదో అనడం, పెనుగులాట. వాకీటాకీ అక్క చేతికి వచ్చింది.

"ఏదే? ఆయనేడే? ఈ పోస్ట్‌మాన్ అన్నయ్య ఒక్కడే దిగాడు. మీ బావ సంచి ఈ అన్నయ్య భుజాన ఉంది. మీ బావ నీతో వస్తున్నాడంటున్నాడు!"



తరవాత పోస్ట్‌మాన్ గొంతు. "చెల్లెమ్మా, ఆయనకి పంపుహౌసు దగ్గర కాళ్ళు లాగేశాయి. నేనిక ఎక్కలేను, బిళ్ళ పట్టుకెళ్ళి గేటు దాటించెయ్యి, కుర్చీ పోకూడదు అన్నాడు. ముడి రాలేదమ్మా. ఎంత లాగినా రాలేదు. సంచీ మొత్తం ఇచ్చేశాడు. వెనక మా మరదలు వస్తోంది, పంపుహౌసులోకి తొంగి చూడకుండా పోదు, దానితో వస్తానన్నాడు. నువ్వు చూస్తావనే నేను..."

"గ్లూకోజు?" అంది ఆమె.

"సంచిలోనే ఉందమ్మా."

"ఫోను?"

"అదీ ఇందులోనే."

అక్క మళ్ళీ వచ్చింది. ఈసారి గొంతు పెంచలేదు. "పంపుహౌసులో చూశావా?"

"లేదక్కా."

వాకీటాకీ గరగరలో అక్క ఊపిరి వినబడింది. ఆమె చేతిలోంచి మైకన్నయ్య తీసుకుని, అక్కని ఎక్కించి బండి వెనక్కి పంపిస్తున్నానని, వాన వల్ల ఘాట్ రోడ్డు మీద ఆలస్యమవుతుందని, కింది దారి నుంచి కూడా ఇద్దర్ని ఎక్కిస్తున్నానని చెప్పాడు. "తెర మీద పచ్చగానే ఉందమ్మా," అన్నాడు చివర్లో, తనలో తాను అనుకుంటున్నట్టు.

ఆమె అప్పటికే టార్పాలిన్ కింద పెట్టెల్ని తాళంచెవితో చింపుతోంది. ఒకదాంట్లో కాగితం గ్లాసులు. ఒకదాంట్లో బ్యాండేజీలు. మూడో దాంట్లో పళ్ళరసం డబ్బాలు దొరికాయి. చేతికి అందినన్ని జేబుల్లో కుక్కుకుంది. బాణాల సంచి అక్కడే పడేయబోయి, ఆగి, భుజాన వేసుకుంది. బండిలో వచ్చేవాళ్ళకి ఎటు రావాలో తెలియాలి. గేటు దగ్గర ఒక బాణం కిందికి చూపిస్తూ గుచ్చి పరుగందుకుంది.

తడిసిన రాళ్ళ మీద కాలు నిలవడం లేదు. రెండుసార్లు పడింది, మోచెయ్యి చీరుకుపోయింది. పంపుహౌసు తలుపు ఇందాకటిలాగే ఓరగా ఉంది. "బావా!" అంటూ లోపలికి దూకింది. లోపల తుప్పు పట్టిన మోటారు, దాని పక్కన తలకిందులుగా పెట్టిన బకెట్టు. బకెట్టు మీద బావ టోపీ. మనిషి లేడు.

ఆమె బయటికి వచ్చి నాలుగు వైపులా అరిచింది. వాన చప్పుడులో ఆమె కేక ఆమెకే సరిగా వినబడలేదు. పంపుహౌసు చుట్టూ తిరిగింది, పొదలు తొక్కుకుంటూ వెనక వాగు దాకా వెళ్ళి వచ్చింది. మూడు దారులున్నాయి. ఎక్కిన దారినే దిగిపోయి ఉండవచ్చు. అయితే కిందినుంచి వచ్చేవాళ్ళకి ఎదురవుతాడు. గేటు వైపు ఎక్కి ఉంటే తనకి ఎదురయ్యేవాడు. మిగిలింది గని.

చీలిక దగ్గర నిలబడి చూసింది. బాణం లేకుండా ఆ చోటు ఆమెకే కొత్తగా ఉంది. గేటుకి పోయే దారి రెండు బండల మధ్య సందులా ఉంది, తెలియనివాడికి అది దారని తోచదు. గని దారి వెడల్పుగా, పల్లంగా, రా రమ్మన్నట్టు ఉంది. కాళ్ళలో సత్తువ లేని మనిషి, తల తిరుగుతున్న మనిషి ఎటు నడుస్తాడో చెప్పడానికి ఆలోచన అక్కర్లేదు. తను పీకిన ఇంటూ బోర్డు ఉంటే ఆగేవాడు. డ్రైవింగ్ మాస్టారు, బోర్డు చూసి ఆగకుండా ఉండడు. ఆమె ఒక బాణం గని వైపు గుచ్చింది. వాకీటాకీ నొక్కి, "గని దారిలో పోతున్నా. బాణాలు పెడుతున్నా. చూసుకుంటూ రండి," అంది. మలుపుకొకటి గుచ్చుకుంటూ దిగింది.

గని అంటే కొండని కోసేసిన పెద్ద గుంట. దారి తిన్నగా అంచు దాకా వెళ్ళి అక్కడ ఆగిపోతుంది. కింద నీళ్ళు. ఒకప్పుడు వేసిన కంచెలో రాతి స్తంభాలు మాత్రం మిగిలాయి. మబ్బు ఆ గుంటలోంచే పొగలా పైకి లేస్తోంది. ఆ పొగలో అంచుకి బాగా దగ్గరగా ఒక మనిషి నిలబడి ఉన్నాడు.

చొక్కా బొత్తాలు విప్పేసి ఉన్నాయి. వానలో తడుస్తున్నా ముఖం మీద చెమట వేరుగా తెలుస్తోంది. ఒక బూటు లేదు. ఒక చెయ్యి గాలిలో ముందుకి చాపి, దేన్నో తిప్పుతున్నట్టు అటూ ఇటూ కదుపుతున్నాడు.

"బావా," అంది ఆమె మెల్లగా.

ఆయన చూశాడు. చూపు ఆమె మీద నిలవలేదు. "లైసెన్సు ఉందా నీకు?" అన్నాడు.

"బావా, నేను. ఇదిగో, ఇది తాగు." డబ్బా మూత లాగి చాపుతూ రెండడుగులు వేసింది. ఆయన దాన్ని విదిలించి కొట్టాడు. డబ్బా ఎగిరి అంచు దాటి పోయింది. నీళ్ళలో పడిన చప్పుడు వినబడటానికి చాలాసేపు పట్టింది.

"రాకు! దగ్గరికి రాకు. ఎవరు నువ్వు?" ఆయన వెనక్కి ఒక అడుగు వేశాడు.

ఆమె అక్కడే కొయ్యబారిపోయింది. మీద పడి పట్టుకుందామంటే ఆయన ఇంకో అడుగు వేస్తాడు. వేయడానికి వెనక ఒక్క అడుగు చోటు కూడా ఉందో లేదో మబ్బులో తెలియడం లేదు. అక్కని పిలుద్దామంటే బండి ఇంకా గేటు కూడా చేరి ఉండదు. ఆయన తూలుతున్నాడు. మోకాళ్ళు వణుకుతున్నాయి. చేతులు మాత్రం స్టీరింగు తిప్పుతూనే ఉన్నాయి.

ఆమె నాలుగడుగులు వెనక్కి నడిచింది. దారి మధ్యలో ఒక పొడవాటి రాతి దిమ్మె ఉంది. దాని మీద, ఆయన ఎప్పుడూ కూర్చునే వైపు చోటు వదిలి, ఇవతలి పక్కన కూర్చుంది. చేతులు ముందుకి చాపింది.

"మాస్టారూ!" అని పిలిచింది.

ఆయన తల తిప్పాడు.

"బండి స్టార్టు అవడం లేదు మాస్టారూ."

"ఏంటీ?"

"తాళం తిప్పితే గుర్రుమంటోంది, ఆగిపోతోంది. ఒక్కసారి వచ్చి కూర్చోండి, భయంగా ఉంది."

"లేటుగా వస్తావ్, పైగా భయమంటావ్." మాట ముద్దగా వస్తోంది కానీ విసుగు మాత్రం బావదే. "న్యూట్రల్‌లో ఉందా?"

"ఎక్కడుందో తెలియడం లేదు. మీరు చూడాలి."

"ఇన్ని రోజులు నేర్పాను. న్యూట్రల్ తెలియదట." అంచు నుంచి ఒక అడుగు ఇవతలికి వేశాడు. ఆగాడు. ఆమె ఆయన వైపు చూడకుండా, ఎదురుగా మబ్బులోకి చూస్తూ ఉత్తుత్తి స్టీరింగు పట్టుకుంది. ఇంకో అడుగు. బూటు లేని కాలు రాయి మీద పడి ముఖం ముడుచుకున్నాడు. మరో రెండు. తలుపు తీసినట్టు గాలిలో చెయ్యి ఆడించి, వంగి, దిమ్మె మీద ఆమె పక్కన కూలబడ్డాడు.

"బెల్టు," అన్నాడు.

ఆమె మెడలో స్కార్ఫు తీసి ఇద్దరి ఒళ్ళకీ అడ్డంగా కప్పి, ఆయన నడుం వెనక నుంచి లాగి తన మణికట్టుకి చుట్టుకుంది.

"మిర్రర్."

చెయ్యి పైకెత్తి సవరించింది. ఆ చెయ్యి దించుతూనే జేబులోంచి ఇంకో డబ్బా తీసింది.

"మాస్టారూ, మీ కోసం తెచ్చాను."

"క్లాసులో తినడం, తాగడం లేదు. రూలు తెలీదూ?"

ఆయన తల ముందుకి వాలిపోతోంది. కళ్ళు మూతలు పడుతున్నాయి. "తెలుసు మాస్టారూ," అంది. "రెడ్ లైటు పడింది. బండి ఆగే ఉంది. ఇప్పుడు తాగొచ్చు."

ఆయన కష్టం మీద తలెత్తి మబ్బులోకి చూశాడు. అక్కడ లైటు ఉందో లేదో తేల్చుకోవడానికి కొంతసేపు పట్టింది. కాలు బ్రేకు మీద నొక్కిపెట్టాడు. అప్పుడు చెయ్యి చాపాడు. డబ్బా ఆమే పట్టుకుని తాగించింది. సగం గడ్డం మీదుగా కారింది, సగం లోపలికి పోయింది. "చాలా పెద్ద సిగ్నలు మాస్టారూ," అంటూ రెండోది తెరిచింది. మూడోది ఆయన సొంతంగా పట్టుకున్నాడు.

ఆమె స్కార్ఫు కొస వదల్లేదు. వాన సన్నబడింది. ఆయన కాలు బ్రేకు మీద నుంచి మెల్లగా లేచింది. ఆయన తన పాదం వైపు చూసుకుని, బూటు ఎక్కడ పోయిందా అన్నట్టు చుట్టూ వెతికి, గుంట కనబడగానే బిగుసుకుపోయాడు.

"మరదలా? ఇదెక్కడ?"

"గని."

"ఇక్కడికెలా వచ్చాను?"

"నడిచి."

ఆయన గుంట మీంచి చూపు తిప్పుకున్నాడు. తరవాత, "పంపుహౌసులో కూర్చున్నా," అన్నాడు. "నీ కేక వినబడితే బయటికి వద్దామని. కాస్త కునుకు పట్టినట్టుంది. లేచి చూస్తే బాణాలు లేవు. దారి మారిందనుకున్నా."

"నేను కేక వేయలేదు బావా."

"లేదా?"

"నువ్వు దాటావన్నారు. నమ్మేశా. లోపలికి చూడలేదు."

ఆయన తలూపాడు. అందులో నిష్ఠూరం లేదు. నిష్ఠూరమాడి ఉంటే ఆమెకి తేలికగా ఉండేది. తరవాత ఆయన ఆమె జేబుకి తగిలించిన వాకీటాకీ వైపు చూశాడు.

"బిళ్ళ దాటింది కదూ?"

"దాటింది."

"అది అలాగే ఉండనీవే. నేను దొరికానని చెప్పు, చాలు. గేటు దాటాకే తప్పిపోయానని చెప్పు. కుర్చీ వస్తుంది. మా అమ్మ ఆ గోడకి ఆనుకుని..."

ఆమెకీ ఆ గోడ గుర్తుంది. అత్తయ్య తల ఆనే చోట సున్నం నున్నగా అరిగిపోయి ఉండేది. ఆమె వాకీటాకీ చేతిలోకి తీసుకుని కొంతసేపు ఊరికే పట్టుకుంది.

"గేటు దాటాడని చెబితే," అంది, "వచ్చే ఏడు కూడా అందరూ తెరనే నమ్ముతారు బావా. ఇంకెవరో పంపుహౌసులో కూర్చుంటారు."

మీట నొక్కింది. "అన్నయ్యా, మా బావ దొరికాడు. మాట్లాడుతున్నాడు. గని దగ్గరున్నాం."

అటువైపు ఒక్కసారిగా కేకలు. మైకన్నయ్య గొంతు సర్దుకున్నాడు. "బతికించావమ్మా. అయితే నంబరు పచ్చగానే..."

"తీసెయ్యి. ఆయన గేటు దాటలేదు. బిళ్ళ ఒక్కటే దాటింది. తోక ఆయన్ని చూడకుండా వచ్చేసింది. ఆ రెండూ రాసుకో."

బావ ముఖం అటు తిప్పుకున్నాడు. ఆయన భుజాలు కదిలాయి. ఆమె స్కార్ఫు ఇంకా వదల్లేదు.

మబ్బులోంచి రాళ్ళు దొర్లిన చప్పుడు వచ్చింది. అక్క ముందు వస్తోంది, ఆమె వెనక బండి డ్రైవరు రొప్పుతూ వస్తున్నాడు. ఆఫీసుకి వేసుకునే చెప్పులు చేత్తో పట్టుకుని, ఒట్టి కాళ్ళతో నడుస్తోంది. భర్త సంచి మెడకి తగిలించుకుంది. బావ ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, ఆయన వేలు పట్టుకుని, సూదితో పొడిచి, రక్తపు చుక్క చక్కెర కొలిచే మీటరు మీద పెట్టి చూసింది. ఇంకోసారి చూసింది. మీటరు కింద పెట్టి, ఆయన చొక్కా బొత్తాలు పై నుంచి కింది దాకా పెట్టింది.

"నీ ముడి రాలేదు," అన్నాడు బావ.

"రాదు. రావడానికి వేస్తానా?" అంది అక్క. అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే సంచిలోంచి బిస్కెట్లు తీసి ఆయన నోట్లో పెట్టింది. ఆయన ఈసారి విదిలించలేదు, నమిలాడు.

చెల్లెలు లేచి నిలబడింది. "అక్కా," అంది.

అక్క ఆమె చీరుకుపోయిన మోచేతి వైపు చూసింది, మణికట్టుకి బిగుసుకుపోయిన స్కార్ఫు వైపు చూసింది. ఆ చుట్లు తనే విప్పింది. కింద చర్మం ఒరుసుకుపోయి ఎర్రగా కమిలిపోయి ఉంది. దాని మీద బొటనవేలితో ఒకసారి రాసింది.

"ఇంటికెళ్ళాక నిన్ను తిట్టాలి," అంది. "ఇప్పుడు ఓపిక లేదు."

"సరే."

"ఈయన్ని పట్టుకుని నువ్వు ముందు నడువు. డ్రైవరుబాబు పక్కన ఉంటాడు."

"బాణాలు పీకాలక్కా."

"నేను పీకుతా. మీరు ముందు పదండి." అక్క గోనెసంచి భుజాన వేసుకుంది. "మీరు ముగ్గురూ నాకు కనబడుతూ ఉండండి."

బావ మరదలి భుజం మీద చెయ్యి వేశాడు. ఒక బూటుతో కుంటుతూ, డ్రైవరుని ఆనుకుని ఎక్కడం మొదలుపెట్టాడు. మలుపు దగ్గర ఆమె వెనక్కి తిరిగి చూసింది. అక్క మొదటి బాణం పీకడానికి రెండు చేతులా లాగుతోంది, అది రావడం లేదు.

"కొంచెం తిప్పి లాగక్కా!"

"నాకు తెలుసులే," అంది అక్క. "నువ్వు ముందు చూసి నడువు."